చేజారిన రథము

కొనదగిన వస్తువొకటి చేతికందునంత దూరమునకు వచ్చినది; కొనబడలేదు; వెళ్ళిపోయినది. దానిని గూర్చి తరువాత వగచుట లోకసహజము. పొలము, ఇంటిస్థలము, బంగారము, వీని విషయమున ఇట్టి నిట్టూర్పు వినబడని యిల్లు తెలుగునాట అరుదు. హైదరాబాదు నగరమున, అందును ఉస్మానియా విశ్వవిద్యాలయము, తార్నాక, మాణికేశ్వర్ నగర్ పరిసరములలో, వృద్ధులగు గృహస్థుల నోట మరియొక నిట్టూర్పు వినవచ్చును. అది పాత కారును గూర్చినది. “ఆనాడు ఆ బండి కొని ఉంటే!” అను చిన్న వాక్యము. దీనికి ఉత్తరార్ధము ఉండదు. కొని ఉంటే ఏమయ్యెడిదో చెప్పువారు లేరు. ఉత్తరార్ధము లేని వాక్యము గనుకనే అది మనస్సులో ఏండ్ల తరబడి నిలిచియుండును.

ఇంత స్వల్పవిషయమును ధర్మవిచారణలోనికి తెచ్చుట ఎందుకని కొందరకు తోచవచ్చును. కారు ఇనుప వస్తువు. పోయిన ఇనుమును గూర్చి ఒకరు విచారించిన ఎవరికేమి హాని? హాని కలదు. అది విచారించువానికంటె, ఆ మాటను ప్రక్కగదిలో కూర్చుండి వినుచున్నవానికి ఎక్కువగా కలుగును. ఆ సంగతికి వచ్చుటకు ముందు, ఆ కార్లు ఎట్టివో, ఎట్లు చేతికంది ఎట్లు జారినవో కొంచెము తెలిసికొనవలెను.

తార్నాక ఉద్యోగస్థుల నివాసము. విశ్వవిద్యాలయపు ఆచార్యులు, లాలాగూడ రైల్వే కార్ఖానాలో పనిచేయువారు, 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, ఇట్టివారు ఆ వీధులలో ఇండ్లు కట్టుకొనిరి. 1960, 70 దశకములలో ఇట్టి యింటికి కారు రావలెనన్న రెండే దారులు. ఒకటి, అంబాసిడరుకో ఫియట్టుకో పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి ఎదురుచూచుట. రెండవది, బదిలీ యగుచున్న అధికారియో, విదేశమునకు పోవుచున్న ఆచార్యుడో తన బండిని అమ్మునపుడు దానిని తీసికొనుట. మోరిస్ మైనరు, 1961 నుండి 1971 వరకు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఫియట్ 1100, అంబాసిడరుకు ముందు వచ్చిన లాండ్‌మాస్టరు, ఇవన్నియు ఆ విధముగనే చేతులు మారుచుండెను. హైదరాబాదుకు మాత్రమే చెందిన మూడవదారి ఒకటి ఉండెడిది. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైనది. 1949లో జాగీర్లు రద్దయినవి. 1971లో రాజభరణములును పోయినవి. దేవిడీల గేట్లలోపల ఒకప్పుడు మెరసిన విదేశపు కార్లు, వానిని పోషించు స్తోమత యజమానులకు తగ్గినకొలది, ఒక్కొక్కటిగా బయటకు వచ్చినవి. అప్పుడు వానిని అడిగినవారు తక్కువ. పెట్రోలు త్రాగు ఏనుగులనిరి, పాత ఇనుము అనిరి.

కాలము మారినది. హెరాల్డు ఎప్పుడో ఆగినది. అంబాసిడరు కూడ 2014లో నిలిచిపోయినది. పాత ఇనుమును ఇప్పుడు వింటేజ్ అనుచున్నారు. 2021లో కేంద్రప్రభుత్వము ఇట్టి వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. మొదట నమోదైన నాటి నుండి యేబది సంవత్సరములు దాటి, చట్రము, ఇంజను, దేహము మూలరూపమున నిలుపుకొన్న బండికి వింటేజ్ హోదా లభించును. క్రొత్తగ నమోదు చేయుటకు 20,000 రూపాయల రుసుము. ఇందులో నవ్వు పుట్టించు విషయమొకటి కలదు. అట్లు నమోదైన కారును నిత్యప్రయాణములకు వాడరాదు. ప్రదర్శనకో, పాతకార్ల ఊరేగింపునకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డుపైకి తేవలెను. ఏ కారుకై నిట్టూర్చుచున్నారో ఆ కారు నేడు ద్వారమున ఉన్నను, దానిలో కూరగాయల బజారుకు కూడ పోవ వీలులేదు.

అయినను నిట్టూర్పు ఆగదు. ఏలయన, మనస్సు కోరునది ఆ కారును కాదు, కొనని కారును. ఈ రెంటికి చాల భేదము కలదు. కొన్న కారు చలికాలపు ఉదయమున స్టార్టు కాదు, ఇంటిల్లిపాది త్రోయవలెను. దానికి బ్యాటరీ పోవును, టైరు పగులును, విడిభాగము కొరకు ఊరెల్ల తిరుగవలసివచ్చును. 1973లో అరబ్బు దేశములు చమురు బిగించినపుడు కార్లున్న ఇండ్లలో ఎన్ని షెడ్ల తలుపులు మూతపడినవో ఆ కాలపువారికి జ్ఞాపకముండును. కొనని కారుకు ఇవేవియు లేవు. అది ఎన్నడును ఆగదు, తుప్పు పట్టదు, అప్పు చేయింపదు. నలుబది, ఏబది ఏండ్లుగా అది ఒకే మెరుపుతో మనస్సులో పరుగెత్తుచునే యుండును. శరీరమును రథముతో పోల్చిన కఠోపనిషత్తు ఉపమానము పాఠకులెల్లరకు తెలిసినదే. దానిని ఇచట మరల విప్పి చెప్ప పనిలేదు. అయితే గుర్రములును చక్రములును లేకయే మనస్సు నడుపు ఈ రథమును గూర్చి కూడ కొంచెము జాగ్రత్తపడుట మంచిది.

కొన్నవారికైనను దక్కినదా అన్నది మరియొక ప్రశ్న. దీనికి ఉదాహరణము దూరమున వెదకనక్కరలేదు. పాతబస్తీలో, చౌమహల్లా ప్రాసాదమున, పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి సందర్శకుల కొరకు నిలిపియున్నారు. ఇంగ్లండులోని బార్కర్ సంస్థవారు దాని దేహమును నిర్మించిరి. వెనుకభాగమున సింహాసనము వంటి ఎత్తైన ఆసనము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని చేయించిరి. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూసిరి. కారు ఆ తరువాతనే హైదరాబాదు చేరినది. కోరి చేయించినవాడు ఒక్కమారైనను అందులో కూర్చుండలేదు. కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉత్సవసమయములలో మాత్రము దానిని వాడిరట. మొత్తము మీద అది తిరిగినది 356 మైళ్ళు మాత్రమే అని చెప్పుదురు. 356 మైళ్ళనగా ఎంత? హైదరాబాదు నుండి తిరుపతికి రోడ్డుమార్గమున ఒక్కమారు పోవునంత దూరము. తిరిగి వచ్చుటకు చాలదు. యాత్రకు బయలుదేరిన సామాన్యపు బస్సు ఒక రాత్రిలో పోవునంత దారిని ఆ రాజరథము తన ఆయువంతయు కలిపి నడచినది.

ఇది విన్నవారు “అందరిని సమముగ వదలిపోవునదే గదా ఐశ్వర్యము” అని తలయూపి ఊరకుందురు. వైరాగ్యోపదేశము ఇచ్చటితో ముగియవచ్చును. వేదాంత దేశికులు రాజాశ్రయమును నిరాకరించి వైరాగ్యపంచకమును అనుగ్రహించిరన్న సంప్రదాయకథను చెప్పి వ్యాసమును పూర్తిచేయవచ్చును. కాని దేశికులు వదలినట్లు వదలుడని గృహస్థునకు చెప్పుట తేలిక, ఉపయోగము తక్కువ. దేశికులు రాజధనమును కోరలేదు. గృహస్థు కారును కోరినాడు; కోరియు కొనలేదు. అతని చిక్కు వేరు. దానిని దగ్గరకు పోయి చూడవలెను.

ఒక యింటిని ఊహింపుడు. తార్నాకలో రైల్వే గుమాస్తా ఒకడు. 1970వ దశకము. విశ్వవిద్యాలయపు క్వార్టర్లలో నున్న ఒక ఆచార్యుడు విదేశమునకు పోవుచు తన హెరాల్డును తక్కువ వెలకు ఇత్తునన్నాడు. గుమాస్తా చేతిలో ఆ సొమ్ము సరిగా ఉన్నది. అదే మాసమున తమ్మునికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. సొమ్ము ఒక్కటే, అవసరములు రెండు. అన్న సొమ్మును తమ్ముని చదువునకు కట్టినాడు. ఆ రాత్రి అతడు కారును గూర్చి ఒక్కమాటయు అనలేదు. తమ్ముడు చదివినాడు, ఉద్యోగము చేసినాడు, విరమించినాడు. నేడు అదే యింటి మేడమీద నివసించుచున్నాడు. అన్నకు ఎనుబది దాటినవి. ఏటేట పాతకార్ల ఊరేగింపు జరిగినపుడు వార్తాపత్రికలో బొమ్మ చూచి ఆయన మనుమలతో అనును: “ఇటువంటిదే, ఆ రోజుల్లో మన గుమ్మం దాకా వచ్చింది. కొని ఉంటేనా!” మనుమలు అడుగుదురు: “మరి ఎందుకు కొనలేదు, తాతయ్యా?” ఆయన చెప్పును: “ఏం చేస్తాం నాయనా, అప్పట్లో ఇంట్లో ఖర్చులు.”

ఆ ఖర్చు మేడమెట్లు దిగి కాఫీ త్రాగుటకు వచ్చి గుమ్మములో నిలిచియున్నది.

ఇది ఊహింపబడిన యిల్లే. కాని ఇట్టి యిల్లు ఎరుగని పాఠకుడు ఉండడు. ఒకచోట కారు, ఒకచోట స్థలము, ఒకచోట విదేశపు ఉద్యోగము. వదలుకొన్నది ఏదైనను, వదలుకొనుటకు కారణమైన మనిషి చాల సందర్భములలో అదే యింటిలో ఉండును. అందుచేత ఇట్టి నిట్టూర్పు గాలిలోనికి పోదు; ఒకరి చెవిలోనికి పోవును. “నీ చదువునకు నేను చెల్లించినది ఫీజు మాత్రమే కాదు, ఒక హెరాల్డు కూడ” అని తమ్మునికి ఏడేడు చీటీ వ్రాసియిచ్చినట్లగును. పైగా ఆ హెరాల్డు వెల పెరుగుచున్నది. నాటి తక్కువ వెల కాదు, నేటి వింటేజ్ వెల తమ్ముని ఖాతాలో పడుచున్నది. చెల్లించు దారి అతనికి లేదు.

శ్రీగీతలో పదునేడవ అధ్యాయమున భగవానుడు దానమును మూడు తెరగులుగ చెప్పెను. ప్రత్యుపకారము కోరక, ఇయ్యదగినదని ఇచ్చునది సాత్త్వికము. మనస్సులో నలుగుచు ఇచ్చునది రాజసము. అన్న ఆనాడు నలుగలేదు. ఆ రాత్రి ఇచ్చినది సాత్త్వికమే. అట్లయిన ప్రశ్న ఇది: ఒకనాడు సాత్త్వికముగ జరిగిన దానము, ఏబది ఏండ్ల తరువాతి నలుగుటచేత రాజసమగునా? ఇచ్చిన క్షణముతో దానము ముగిసినదని కొందరు వాదింపవచ్చును. చదువు నిలిచియే యున్నది, ఫలము ఎక్కడికి పోవును? ఈ వాదము సగమే నిజము. ఇచ్చినదానిని చాటుకొనరాదని ధర్మశాస్త్రము ఏల నియమించినది? ఇచ్చుట ఇచ్చినవాని చేతిలో ముగిసినను, పుచ్చుకొన్నవాని బ్రతుకులో కొనసాగుచునే యుండును గనుక. తమ్ముడు చదివిన చదువు నిన్నటి వరకు అన్నప్రేమ. నేడు అది అన్నకు పోయిన కారు. వస్తువు మారలేదు, చదువు మారలేదు. దాని పేరు మారినది. పేరు మార్చినవాడు ఇచ్చినవాడే.

అట్లని మనిషి తన బాధను నోట పలుకరాదా? నోరు కట్టుకొని యుండుట గొప్పయని శ్రీమద్రామాయణము కూడ చెప్పదు. చాలమంది గమనింపని ఘట్టమొకటి అయోధ్యాకాండమున కలదు. గంగను దాటిన తరువాత, సుమంత్రుడు కూడ లేని తొలిరాత్రి, చెట్టుక్రింద శ్రీరాముడు లక్ష్మణునితో తన బాధను చెప్పుకొనెను. తండ్రిని గూర్చి, కైకేయిని గూర్చి, తల్లి కౌసల్యను గూర్చి కలతపడి మాటలాడెను. కన్నీరు పెట్టెను. రాజ్యమును తృణముగ వదలిన స్వామి కదా, ఇది ఏమి అని కొందరు వ్యాఖ్యాతలు ఆ సర్గకు సమాధానములు వెదకిరి. గృహస్థునకు ఆ సమాధానములకంటె ఒక్క సంగతి ముఖ్యము: ఆ మాటలు ఎవరు వినిరి? లక్ష్మణుడు వినెను. ఆయన కూడ అన్నియు వదలి వచ్చినవాడు. కొన్నిదినములకు చిత్రకూటమునకు భరతుడు వచ్చెను. ఎవనికొరకు రాజ్యము అడుగబడినదో ఆ తమ్ముడు. అతని ఎదుట స్వామి నోట ఆ రాత్రిమాటలలో ఒక్కటియు వెలువడలేదు. పైగా, కైకేయిని కాపాడుమనియు, ఆమెపై కోపము పెట్టుకొనవలదనియు భరతునకు చెప్పి పంపెను. బాధ లేక కాదు. ఎవరి చెవిలో పడినచో అది గాయమగునో వారి ఎదుట అది చెప్పబడలేదు.

తార్నాక వృద్ధునకు కూడ లక్ష్మణుడొకడు కావలెను. సాయంత్రము విశ్వవిద్యాలయపు చెట్లక్రింద నడచు మిత్రులలో ఎవరో ఒకరు. వారితో హెరాల్డును గూర్చి ఎంతసేపైన మాటలాడుకొనవచ్చును. మాట తీరిన పిదప ఇంటికి రావచ్చును.

అన్ని నిట్టూర్పులును ఒక్కటి కావు. కొనకపోవుటకు కారణము ధర్మము కాక లోభమైనచో? అదే వీధిలో వేరొక యింటిని అనుకొందము. సొమ్ము ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో నున్న తండ్రి “ఒక్కసారి గుట్టకు తీసుకుపోరా, నరసింహస్వామిని చూసి చాలా ఏండ్లయింది” అని అడుగుచున్నాడు. యాదగిరిగుట్ట హైదరాబాదునకు అరువది కిలోమీటర్ల పరిధిలోనిదే. కారు కొన్నచో తీసికొనిపోవచ్చును. కొడుకు “వచ్చే సంవత్సరం చూద్దాం” అనెను, వడ్డీ చూచుకొనెను. తండ్రి పోయెను. ఇపుడు ఆ కొడుకు కూడ పాతకారు బొమ్మను చూచి నిట్టూర్చును. ఈ నిట్టూర్పు కారును గూర్చినది కాదు, అతడు అట్లనుకొనుచున్నను. టాక్సీ మాట్లాడినను సరిపోయెడిది. కొనని కారును గూర్చి విచారించుట అతనికి సులభము. తీసికొనిపోని తండ్రిని గూర్చి విచారించుట కష్టము. అందుచే సులభమైనదానిని పట్టుకొని కష్టమైనదానిని తప్పించుకొనుచున్నాడు.

ఇట్టి విచారము పూర్వాచార్యుల చరిత్రలోను కలదు. అందులోను వాహనము ప్రస్తావనకు వచ్చుట విశేషము. నాథమునుల వద్ద యోగరహస్యమును పొందినవారు కురుగై కావలప్పన్. దానిని తమకు అనుగ్రహింపుమని ఆళవందారులు, అనగా యామునాచార్యులు, ఆయనను ఆశ్రయించిరి. కావలప్పన్ తాము దేహమును వదలు దినమును సూచించి, ఆనాటికి రమ్మనిరి. ఆళవందారులు తిరువనంతపురమున అనంతపద్మనాభుని సేవించుటకు పోయిరి. అచట చూచుకొనగా ఆ దినమే ఈ దినము. పోయి చేరుటకు వ్యవధి లేదు. “పుష్పకవిమానము లేకపోయెనే” అని ఆయన పరితపించిరని గురుపరంపర చెప్పుచున్నది. ఎంతటి విరక్తులు! రాజభోగములనే విడిచి శ్రీరంగము చేరినవారు. ఆయనయు ఒకనాడు తనకు లేని వాహనము కొరకు వగచిరి. అందులో దోషమును ఎవరును ఎన్నలేదు. ఏలయన ఆయన కోరినది విమానమును కాదు. ఒక మహనీయుని యొద్దకు సకాలమున చేరుటను. విమానము అందుకు దారి మాత్రమే. గుట్టకు పోగోరిన తండ్రికి కారు ఎట్లో, అట్లే.

ఆ ఆళవందారులను దర్శింపవలెనని శ్రీరంగమునకు వచ్చిన శ్రీరామానుజులకు కూడ ఆలస్యమే అయినది. చేరునప్పటికి ఆళవందారుల తిరుమేని మాత్రమే మిగిలియున్నది. చేతి వ్రేళ్ళు మూడు ముడుచుకొనియున్నవి. జరిగినది తెలిసికొని, రామానుజులు మూడు ప్రతిజ్ఞలు చేయగా ఒక్కొక్క వ్రేలు విచ్చుకొనినదని పెద్దలు చెప్పుదురు. పోయిన దర్శనము తిరిగి రాలేదు. ఆ దర్శనమును ఎవరును ఆయనకు తెచ్చి ఇయ్యలేరు. కాని చేయవలసిన పని మిగిలియుండెను. బ్రహ్మసూత్రములకు భాష్యము అందులో ఒకటి. శ్రీభాష్యము వెనుక ఒక ఆలస్యము ఉన్నది.

ఇంతసేపును కార్లు కొనగలిగిన, లేక కొనగలిగియు కొనని ఇండ్లను గూర్చియే మాట జరిగినది. విశ్వవిద్యాలయమునకు ఆనుకొనియే మాణికేశ్వర్ నగర్ కలదు. వడ్డెర బస్తీ అనియు దానికి వాడుకపేరు. ఆ పేరే ఆ నేలకును రాతిపనికిని గల సంబంధమును చెప్పును. ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగినది. 1939లో అది ప్రారంభమైనది. ఆ గులాబిరంగు గ్రానైటును చెక్కిన చేతులు ఏవియు హెరాల్డు వెలను అడిగియుండవు. వదలుకొనుటకు కూడ ముందు ఒక అవకాశము గుమ్మము దాకా రావలెను. వచ్చినదన్నదే ఒక అనుగ్రహమని తార్నాక మేడపై కూర్చున్నవారు ఎన్నడైన తలచిరో లేదో. ఆ బస్తీలోను మోకాళ్ళ నొప్పులతో గుట్టకు పోగోరు వృద్ధులు ఉందురు.

తండ్రిని తీసికొనిపోలేకపోయిన ఆ రెండవ యింటి కొడుకునకు ఇపుడు డెబ్బది దాటినవి. తండ్రి రాడు. యాదగిరిగుట్ట ఆలయము పునర్నిర్మితమై 2022 మార్చి 28 నుండి ప్రధానాలయమున భక్తులకు దర్శనము లభించుచున్నది. 2017 నుండి తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగవచ్చును. అచటి నుండి గుట్టకు బస్సులు కలవు. ప్రక్క బస్తీ నుండి ఒక ముసలమ్మను వెంటబెట్టుకొని పోవుటకు కారు అక్కరలేదు. ఉదయము ఎండ ముదరక ముందే బయలుదేరుట మేలు. మెట్లవద్ద ఆమెకు చేయి అందింపవలెను.